గుస్ల్‌ఖానా ఆరుతున్నదా?

తొలకరి పడి, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలిన నెల రోజులకే రామచంద్రపురం ఇళ్లలో ఒక మార్పు కానవస్తుంది. అల్మారాలో మడతపెట్టి ఉంచిన షేర్వానీ ముక్కవాసన వేస్తుంది. మూలన పెట్టిన తోలు చెప్పులపై తెల్లని నూగు లేస్తుంది. స్నానపు గదిలో టైల్స్ అతుకుల వెంట సన్నని నల్లగీత ఒకటి మొదలై, వరి కోతల నాటికి గోడ సగానికి పాకుతుంది. ఇల్లాలు వారానికొకసారి యాసిడ్ పోసి రుద్దుతుంది. అది పోతుంది. పది రోజులలో మళ్లీ వస్తుంది. ఈ రాకపోకల వెనుక ఉన్న కారణం తెలిస్తే శ్రమ సగం తగ్గుతుంది. ప్రాణాలకు సంబంధించిన ఒక ప్రమాదం కూడా తప్పుతుంది. దాని సంగతి కొంత ముందుకు వెళ్లాక చెబుతాను.

పరిశుభ్రత గురించి మన ఖుత్బాలలో, సభలలో వినని వారు లేరు. విశ్వాసంలో దాని స్థానమేమిటో మక్తబ్‌కు వెళ్లే పిల్లవాడు కూడా అప్పజెబుతాడు. కనుక ఆ భాగాన్ని ఇక్కడ తిరిగి రాయడం లేదు. ఐదు పూటలా నమాజు చేసే ఆరుగురు సభ్యుల కుటుంబాన్ని తీసుకోండి. కొందరు మస్జిదులో వుజూ చేసుకున్నా, ఇంటిలో రోజుకు ఇరవై వుజూలు, ఆరు స్నానాలు తప్పవు. ఫజ్ర్‌కు ముందు తడిసిన గది ఇషా తర్వాత వరకూ తడుస్తూనే ఉంటుంది. ఇంటిలోని మరే గదికీ ఇంత నీటి యోగం లేదు. మరి అది ఆరేది ఎప్పుడు?

డెల్టాలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. మన కాళ్ల కింద ఉన్నది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేల. భూగర్భ జలం చాలాచోట్ల చేతికందేంత పైనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆపైన డిసెంబరు వరకు ఈశాన్య వానలు, తుపానులు. చుట్టూ నీరు నిలిచిన వరిచేలు. అనంతపురంలో గంటలో ఆరే తువ్వాలు ఇక్కడ సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. బయటి గాలికే అంత తేమ ఉంటే, కిటికీ లేని నాలుగడుగుల గది సంగతి వేరే చెప్పనవసరం లేదు.

మన పెద్దల కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. అప్పట్లో స్నానం పెరటిలో. తాటాకు దడి చాటున ఒక నాపరాయి, దాని పక్కన నీళ్ల కాగు. వాడిన నీరు నేరుగా అరటి పాదులోకో కొబ్బరి మొదలుకో పారిపోయేది. పైన కప్పు లేదు గనుక మధ్యాహ్నపు ఎండ నేరుగా రాతిమీద పడేది. ఆ స్నానపు చోటును శుభ్రం చేసినది ఎవరు? సూర్యుడు, గాలి. తెల్లవారి లేచేసరికి రాయి పొడిగా ఉండేది. ఇప్పుడు అదే నీటిని, అదే సబ్బును, నాలుగు గోడల మధ్యకు, పడకగది పక్కకు తెచ్చుకున్నాము. సౌకర్యం వచ్చింది, వృద్ధులకు, బాలింతలకు, రాత్రివేళ లేచేవారికి ఎంతో మేలు కలిగింది. కాని ఎండను, గాలిని మాత్రం లోపలికి పిలవడం మరచిపోయాము.

పర్దా పేరిట మన ఇళ్లలో జరిగే ఒక పనిని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. స్నానపు గది వెంటిలేటర్ పక్కింటి వైపు తెరుచుకుంటుందని దానికి అట్టముక్క కొట్టేస్తారు. లేదా ప్లాస్టిక్ షీటు మేకులతో బిగిస్తారు. సతర్ కాపాడుకోవడం విధి. అందులో సందేహం లేదు. గాలిని ఆపడం మాత్రం ఎవరూ విధించలేదు. కప్పుకు దగ్గరగా, మనిషి తల కన్నా బాగా ఎత్తులో వెంటిలేటర్ పెట్టి, దానికి ఏటవాలు గాజు పలకలు అమర్చితే చూపు లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది. అట్టముక్క ఖరీదు పది రూపాయలు కావచ్చు. దాని వెనుక పెరిగే బూజు ఖరీదు పిల్లవాడి ఉబ్బసం మందులలో లెక్కకు వస్తుంది. తడిసి చెమ్మగిల్లిన ఇళ్లలో నివసించేవారికి దగ్గు, శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఎక్కువగా కలుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో స్పష్టంగా పేర్కొన్నది.

గోడమీద ఉన్నది ఏమిటి?

స్నానపు గదిలో కనిపించే మురికి అంతా ఒకటి కాదు. దానిని ఒకే మందుతో వదిలించబోవడమే మన మొదటి చిక్కు.

కుళాయి మూతి చుట్టూ, షవర్ రంధ్రాలలో తెల్లగా గట్టిగా పేరుకునేది సున్నపు ఉప్పు. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆవిరైనప్పుడు అక్కడే మిగిలిపోతాయి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాని నీటిలో ఇవి ఎక్కువ. ఆ లవణాలే సబ్బుతో కలిసినప్పుడు నీటిలో కరగని ఒక జిడ్డు పదార్థంగా మారతాయి. గోడలమీద బూడిదరంగు పొరగా, వేలితో గీస్తే గీత పడేలా అంటుకునేది అదే. దానికి మన చర్మపు జిడ్డు, తలనూనె, వెంట్రుకలు తోడవుతాయి. ఇది చూడటానికి అసహ్యమేగాని తనంతట తాను పెద్ద హాని చేసేది కాదు. హాని చేసేది దానిని తిని బతికేది.

అదే నల్లబూజు. అది ఒక శిలీంధ్రం. దాని బీజాలు కంటికి కనపడనంత సూక్ష్మమైనవి. గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. ఏ ఇంటిలోనైనా ఉంటాయి. వాటిని పూర్తిగా నిర్మూలించడం ఎవరి తరమూ కాదు. కాని అవి మొలకెత్తడానికి తిండితో పాటు తడి కావాలి. తిండి మన సబ్బు పొర. తడిసిన చోటును 24 గంటల నుంచి 48 గంటలలోపు పూర్తిగా ఆరనిస్తే బూజు సాధారణంగా పట్టదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతాదంతా దానినుంచే తెలుస్తుంది. బీజాన్ని మనం ఆపలేము. తడిని ఆపగలము.

బకెట్ అడుగున, సబ్బుపెట్టె కింద గులాబీరంగు జిగట కనిపిస్తే అది బూజు కాదు. సెర్రేషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియా కావచ్చు. ఆరోగ్యవంతులకు దానివల్ల భయం అంతగా లేకున్నా, పుండ్లు ఉన్నవారికి, బలహీనులకు మంచిది కాదు. ఇక వెలుతురు పడే చోట గచ్చుమీద పచ్చగా పట్టే పాచి సంగతి అందరికీ తెలుసు. ఫజ్ర్ వేళ చీకటిలో వుజూకు వెళ్లిన వృద్ధులు దానిమీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం ప్రతి ఊళ్లోనూ వింటూనే ఉంటాము. ఆ తర్వాత వారు మంచం దిగడం ఎంత కష్టమో కూడా ఎరుగుదుము.

నజాసత్ వేరు, మురికి వేరు

మదర్సాలో తహారత్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. గోడకు బూజు ఉన్న గదిలో గుస్ల్ చేస్తే అది నెరవేరుతుందా? నెరవేరుతుంది. బూజు మురికేగాని షరీఅత్ పరిభాషలో నజాసత్ కాదు. శరీరం మీద తడపవలసిన చోటుకల్లా నీరు చేరితే గుస్ల్ పూర్తయినట్లే. కొందరు గోడమీద నుంచి చుక్క చిందిందని మళ్లీ మళ్లీ స్నానం చేస్తూ, గది అంతా బకెట్ల కొద్దీ నీరు పోస్తూ గంటలు గడుపుతారు. అది వస్‌వసా. దానికి మందు జ్ఞానమేగాని నీరు కాదు. పైగా ఆ నీరే బూజును పెంచుతుంది.

వస్‌వసా మాట వచ్చింది గనుక దానికి సంబంధించిన ఒక హదీసును తలచుకోవాలి. స్నానం చేసే చోటనే మూత్ర విసర్జన చేయరాదని, వస్‌వసాలు ఎక్కువగా దానివల్లనే కలుగుతాయని దైవప్రవక్త (సల్లం) వారించినట్లు హజ్రత్ అబ్దుల్లా బిన్ ముగఫ్ఫల్ (రజి) ఉల్లేఖనం సునన్ గ్రంథాలలో ఉన్నది. దాని వివరణలో మన పూర్వ విద్వాంసులు చూపిన శ్రద్ధ ఆసక్తికరమైనది. ఇమామ్ ఇబ్నె మాజా (రహ్మ) ఆ హదీసు వెంటనే తన గురువు అలీ బిన్ ముహమ్మద్ అత్తనాఫిసీ మాటను నమోదు చేశారు. దాని సారమేమంటే, ఆ నిషేధం నీరు నిలిచే మట్టిగుంటల గురించి. గచ్చుతో, సున్నపు సారుతో, కీలుతో కట్టిన స్నానపు చోట నీరు పోస్తే కొట్టుకుపోతుంది గనుక ఇబ్బంది లేదు. నీరు పారిపోయేలా ఉంటే అనుమతి ఉన్నదని హజ్రత్ అబ్దుల్లా బిన్ ముబారక్ (రహ్మ) అన్నట్లు ఇమామ్ తిర్మిజీ (రహ్మ) కూడా తెలిపారు. ఆ మహనీయులు పరిశీలించినది దేనిని? నేల దేనితో కట్టారు, నీరు నిలుస్తుందా, పారుతుందా అన్న దానిని. ఈనాడు బూజు గురించి మేస్త్రీని అడగవలసిన ప్రశ్న కూడా అదే.

మరొక ఉదాహరణ. 12వ శతాబ్దంలో సిరియా ప్రాంతంలో జీవించిన అబ్దుర్రహ్మాన్ బిన్ నస్ర్ అష్షైజరీ ముహ్‌తసిబ్‌ల కోసం ఒక గ్రంథం రచించారు. ముహ్‌తసిబ్ అంటే తూకాలు, కొలతలు, అంగళ్లలో అమ్మే ఆహారం, వీధుల శుభ్రత పర్యవేక్షించే అధికారి. ఆ గ్రంథంలో హమ్మాముల గురించి ఒక అధ్యాయమే ఉంది. వాడిన నీటితో కాక, మంచినీటితో హమ్మామును రోజుకు పలుమార్లు కడిగించాలని అందులో ఉంది. తల రుద్దుకునే రేగాకు, ఖిత్మీ వంటి వాటి జిగురు నేలకు అంటుకొని జనం జారిపడకుండా రాళ్లను గరుకు వస్తువుతో రుద్దించాలని ఉంది. నీటి తొట్ల అడుగున చేరే మడ్డిని నెలకొకసారి తీసివేయాలని, లేకపోతే నీటి రుచీ వాసనా మారిపోతాయని కూడా ఉంది. రేగాకును మనం ఇప్పుడు మయ్యిత్ గుస్ల్‌కు తప్ప వాడటం లేదు. దాని స్థానంలోకి సబ్బు, షాంపూ వచ్చాయి. జిగురు అదే, జారుడు అదే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక నగరాధికారి బాధ్యతగా ఉన్న పని ఇప్పుడు మన ఇంటి బాధ్యత. ఇంటి పైన ఉన్న ట్యాంకు మూత తీసి చూసి ఎన్నాళ్లయిందో కూడా ఎవరికి వారు లెక్క చూసుకోవాలి.

రెండు నిమిషాల పని

వారానికొక రోజు చెమటలు కక్కేలా రుద్దడం కన్నా రోజుకు రెండు నిమిషాల పని ఎక్కువ ఫలితమిస్తుంది. కావలసినది ఒక రబ్బరు వైపర్. ఉదయం స్నానాలలో చివరివారు ఎవరైతే వారు, సబ్బు చిందిన గోడలపై రెండు చెంబుల మామూలు నీరు పోయాలి. పైనుంచి కిందికి వైపర్ లాగాలి. నేలమీది నీటిని తూము వైపు నెట్టాలి. తడి బట్టలు, తువ్వాలు బయట దండెం మీదికి పోవాలి. బకెట్ బోర్లించాలి, చెంబు కొక్కానికి తగిలించాలి, సబ్బు చిల్లుల పెట్టెలో ఉండాలి. ఆపైన తలుపు, వెంటిలేటర్ తెరిచి ఉంచాలి. దుర్వాసన వస్తుందని తలుపు మూసి ఉంచడం మన అలవాటు. మూసినందువల్లనే ఆ వాసన. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నవారు స్నానం ముగిశాక మరో ఇరవై నిమిషాలు దానిని తిరగనివ్వాలి. తలుపు కింద వేలెడు సందు లేకపోతే ఆ ఫ్యాను ఎంత తిరిగినా గాలి కదలదు.

నీరు తక్కువ వాడటం కూడా ఇందులో భాగమే. దైవప్రవక్త (సల్లం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మజ్‌హబ్‌లను బట్టి కొలతలో కొంత తేడా ఉన్నా, సా అంటే సుమారు మూడు లీటర్లు. సాధారణ షవర్ ఒక్క నిమిషంలో దానికి రెండు మూడు రెట్లు కుమ్మరిస్తుంది. మూడు లీటర్లతోనే స్నానం ముగించాలని ఎవరినీ నిర్బంధించడం లేదు. సబ్బు రుద్దుకునేంతసేపైనా షవర్ కట్టేస్తే గోడలు అంతమేరకు తక్కువ తడుస్తాయి.

వారానికొకసారి చేసే శుభ్రతకు మా మదర్సాలో గురువారం అసర్ తర్వాత సమయం నిర్ణయమై ఉంది. జుమా సెలవు ముందున్నది గనుక విద్యార్థులు ఉత్సాహంగా చేస్తారు. పని పైనుంచి కిందికి సాగాలి. ముందు కప్పు మూలలు పొడి చీపురుతో దులపాలి. తర్వాత గోడలకు బట్టల పొడి గాని గిన్నెలు తోమే ద్రవం గాని కలిపిన వేడినీరు పట్టించి పది నిమిషాలు వదిలేయాలి. జిడ్డు నానిన తర్వాత రుద్దితే సగం బలం చాలు. రుద్దడానికి కోనసీమలో కొబ్బరి పీచును మించినది లేదు. ఇనుప పీచు టైల్స్ నునుపును గీరివేస్తుంది, ఆ గీతలలో మురికి మరింత చేరుతుంది. తూము మీది జాలీ ఎత్తి వెంట్రుకలు తీయకుండా పని అయిందనుకోవద్దు. తూము నిండితే నీరు నిలుస్తుంది, నీరు నిలిస్తే చెప్పినదంతా వృథా.

తెల్లని ఉప్పు పేరుకు సబ్బు పనిచేయదు. దానికి పులుపు కావాలి. లీటరు వేడినీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి అరగంట చుట్టి ఉంచితే చాలు. సిర్కా కూడా ఇదే పని చేస్తుంది. షవర్‌కు ఒక ప్లాస్టిక్ సంచిలో ఆ నీరు పోసి దారంతో కట్టాలి. గంట తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంధ్రాలు తెరుచుకుంటాయి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చి నెలల తరబడి మూసి ఉన్న ఇల్లు తెరిచేవారు, షవర్ కింద నిలబడే ముందు దానిని కొన్ని నిమిషాలు వదిలేసి గది బయట ఉండటం మంచిది. గొట్టాలలో నిలిచిన గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరగవచ్చు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక హోటల్‌లో బస చేసినవారికి న్యుమోనియా సోకి పలువురు మరణించినప్పుడు దానిని కనుగొన్నారు.

సున్నం గురించి ఒక మాట. పండుగలకు ముందు ఇంటికి సున్నం వేయడం మన పాత ఆచారం. గుల్లసున్నం వేసిన గోడకు బూజు తేలికగా పట్టదు, ఎందుకంటే దాని క్షార గుణం శిలీంధ్రానికి గిట్టదు. దానిమీద నిగనిగలాడే రంగులు పూసి ఆ గుణాన్ని మనమే కప్పివేశాము. టైల్స్ లేని పైభాగానికి, కప్పుకు ఇప్పటికీ సున్నమే మేలని నా అభిప్రాయం.

యాసిడ్ సీసా

ఇక మొదట చెప్పిన ప్రమాదం. మన ఇళ్లలో స్నానపు గది మూలన రెండు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మరొకటి బ్లీచింగ్ పౌడర్. యాసిడ్ పోసినా మరక పోలేదని బ్లీచింగ్ చల్లుతారు. లేదా బ్లీచింగ్ చల్లి దానిమీద టాయిలెట్ క్లీనర్ పిండుతారు. రెండూ మంచివే గనుక కలిపితే ఇంకా మంచిదని అనుకుంటారు. అవి కలిసిన క్షణం క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం శత్రు కందకాలమీదికి వదిలినది ఆ వాయువునే. అది గాలి కన్నా సుమారు రెండున్నర రెట్లు బరువైనది. నేలమట్టానికి దిగి కందకాలలో నిలిచింది. మన ఇల్లాలు ఎక్కడ ఉంటుంది? తలుపు దగ్గరగా వేసి, కొంగు బిగించి, నేలమీద గొంతుక్కూర్చుని రుద్దుతూ ఉంటుంది. ఆ వాయువు ముందు చేరేది ఆమె ముఖానికే.

కళ్లు మంటలెత్తడం, గొంతు పట్టేయడం, ఆగని దగ్గు దాని లక్షణాలు. అలా అనిపించిన వెంటనే చేతిలోది అక్కడే వదిలి బయటి గాలిలోకి రావాలి. కడిగివేద్దామని లోపలికి తిరిగి వెళ్లకూడదు. కాసేపటికి తగ్గిందని ఊరుకోవడం కూడా ప్రమాదమే. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు. ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. యాసిడ్ ఒక్కటే కాదు. సిర్కా, నిమ్మ ఉప్పు కూడా పులుపే గనుక బ్లీచింగ్‌తో కలపరాదు. అమోనియా ఉన్న ద్రవాలతో కలిపినా మరొక విషవాయువు పుడుతుంది. ఒక రోజు ఒకటే వాడండి.

నిజానికి యాసిడ్‌తో బూజును వదిలించబోవడం తనకు తాను పని పెంచుకోవడమే. కడప నాపరాయి, తాండూరు రాయి, పాలరాయి, మొజాయిక్‌లోని చలువరాతి ముక్కలు, అతుకులలోని వైట్ సిమెంట్ అన్నీ సున్నపు జాతివి. యాసిడ్ పడగానే బుసబుస పొంగేది మురికి కాదు, ఆ రాయే. పైపొర కరిగి గది తళతళలాడుతుంది. ఆ అడుగున నునుపు పోయి సూదిమొనలంత గుంటలు మిగులుతాయి. వచ్చే వారం బూజు బీజాలు వాటిలో హాయిగా దాక్కుంటాయి. యాసిడ్ వాడే ఇళ్లలో మరక మరింత త్వరగా ఎందుకు తిరిగి వస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ముఖాలపై చల్లే దుర్మార్గుల కారణంగా 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకంపై ఆంక్షలు విధించింది. అయినా కూల్‌డ్రింక్ సీసాలలో నింపి ఇంట్లో పెట్టుకునేవారు ఉన్నారు. దాహంతో వచ్చిన పిల్లవాడికి సీసాయే తెలుసుగాని లోపల ఏమున్నదో తెలియదు.

నల్లబూజుకు బ్లీచింగ్ ఒక్కటే చాలు, అది కూడా గోడను సబ్బుతో కడిగి, ఆ సబ్బు పూర్తిగా పోయేలా నీరు పోసిన తర్వాత. లీటరు నీటికి రెండు చిన్న చెంచాల పొడి కలిపి, తేరుకున్న పైనీటిని మాత్రం తీసుకోవాలి. చేతికి రబ్బరు తొడుగులు, తలుపు బార్లా తెరిచి ఉండటం తప్పనిసరి. అతుకులకు పట్టించి పది నిమిషాల తర్వాత కడిగి, వైపర్ లాగి ఆరనివ్వాలి. పొడి పాతబడితే, చెమ్మ తగిలితే శక్తి కోల్పోతుంది. ఘాటు వాసన లేని బ్లీచింగ్ సుద్దపొడితో సమానం. వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో ఇటువంటి క్లోరిన్ సున్నపు నీటితోనే వైద్యుల చేతులు కడిగించి ఎందరో బాలింతల ప్రాణాలు నిలిపాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన సంవత్సరం కూడా అదే.

రబ్బరు తొడుగుల మాట రాస్తుంటే మరొకటి గుర్తుకు వస్తున్నది. మన గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్, ఖతర్ వంటి దేశాలకు వెళ్లిన సోదరీమణులు ఎందరో. అక్కడి స్నానపు గదులు అద్దంలా ఉంటాయని చెబుతారు. వాటిని అలా ఉంచేది వారి చేతులే. అరబీ అక్షరాలు చదవలేక, ఏ సీసాలో ఏమున్నదో తెలియక ఘాటైన ద్రవాలు కలిపి వాడవలసి వచ్చేది వారికే. వెళ్లబోయే సోదరి మీ ఇంట ఉంటే, పాస్‌పోర్టుతో పాటు ఈ ఒక్క సంగతీ ఆమె చెవిన వేసి పంపండి: రెండు సీసాలు ఎప్పుడూ కలపవద్దని.

ఇంట్లో మాత్రం ఈ పని ఒక్క స్త్రీ మీదనే ఎందుకు ఉండాలి? దైవప్రవక్త (సల్లం) ఇంటిలో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనులలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చివరగా స్నానం చేసినవారే వైపర్ పట్టాలన్న నియమం అబ్బాకూ వర్తించాలి, కళాశాలకు వెళ్లే కొడుకుకూ వర్తించాలి. గోడల పైభాగం, కప్పు మూలలు ఎత్తుగా ఉన్నవారికే సులువు. మోకాళ్ల నొప్పులున్న అమ్మీని స్టూలు ఎక్కించడం న్యాయం కాదు.

ఇంత చేసినా కొన్ని గోడలు ఆరవు. అప్పుడు తడి పైనుంచి పడుతున్నదా, గోడలోపలి నుంచి వస్తున్నదా తేల్చుకోవాలి. గోడను తుడిచి ఒక రోజు ఆరనిచ్చి, జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అతికించండి. మర్నాడు చూస్తే చెమ్మ కాగితం పైన ఉంటే అది గదిలోని ఆవిరి. గాలి వచ్చే దారి చూడాలి. కాగితం వెనుక నీటి చుక్కలు ఉంటే గోడలోనే ఊట ఉన్నట్లు. పగిలిన గొట్టమో, అతుకు వదిలిన టైలో, పునాది నుంచి పైకి ఎక్కే చెమ్మో అయి ఉంటుంది. దానికి బ్లీచింగ్ లేదు, వైపర్ లేదు, మేస్త్రీని పిలవవలసిందే. ఆ పనిని వానలలో పెట్టుకోవద్దు. వేసవిలో కాలువలు కట్టేసి, చెరువులలో నీరు తగ్గి, నేల కాస్త ఎండిన రోజులలో పాత అతుకులు గీరించి, కొత్తగా నింపించి, నేల వాలు తూము వైపు ఉన్నదో లేదో చెంబెడు నీరు పోసి మీ కళ్లతో చూసుకున్న తర్వాతే మేస్త్రీకి డబ్బు ఇవ్వండి.